ఇద్దరం తిన్న వెన్న

సింకు కింద వెల్లకిలా పడుకుని గొట్టం విప్పడం నాకు అలవాటైపోయింది. కింద బకెట్ పెట్టి మరను చేత్తో తిప్పితే, ముందు కాసిని బూడిదరంగు నీళ్ళు వస్తాయి, వాటి వెనక తెల్లటి ముద్ద జారి పడుతుంది. పంది కొవ్వు, వెన్న, మీగడ కలిసి గడ్డకట్టిన ముద్ద. ఆ వాసన చేతుల్ని సాయంత్రం దాకా వదలదు. నేనలా పడుకుని ఉన్నప్పుడు మా ఆయన బెర్తిల్ పక్కనే బల్ల దగ్గర కూర్చుని గుడ్లు తింటూ ఉంటాడు. నా మోకాళ్ళు ఆయన కాళ్ళకు అడ్డమైతే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటాడు. “వేడినీళ్ళు పోస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు గునెల్?” అంటాడు. వేడినీళ్ళు పోస్తే కొవ్వు కరిగి ఇంకొంచెం ముందుకెళ్ళి, అక్కడ గడ్డకడుతుంది. ఈ సంగతి ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ గొట్టాన్ని ఆయన ఎన్నడూ విప్పలేదు.

ఇదంతా రెండు శీతాకాలాల కిందట మొదలైంది. బెర్తిల్‌కి రక్తంలో చక్కెర పెరిగిందని మా ఆరోగ్యకేంద్రంలో చెప్పారు. అప్పట్లో స్వీడన్ అంతా ఇదే గోల, ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు కీటో అంటూ రొట్టె మానేసి వెన్న తింటున్నారు. ఆయన కూడా చదివాడు, విన్నాడు, ఒక సోమవారం పొద్దున లేచి బంగాళదుంపలు, రొట్టె, జావ, పాలు బంద్ అన్నాడు. ఇకనుంచి గుడ్లు, మాంసం, చీజ్, మీగడ, వెన్న. చలికాలం పూర్తయ్యేసరికి ఆయన పొట్ట తగ్గింది. చక్కెర దిగింది, మాత్ర ఆపేశారు. రక్తంలో కొవ్వు లెక్కలు కూడా మునుపటికన్నా బాగున్నాయన్నారు. అబద్ధమెందుకు, నేను చాలా సంతోషపడ్డాను. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి కట్టెలు కొడుతుంటే కిటికీలోంచి చూసి కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన మానేస్తే మానేశాడు, ఇంటిల్లిపాదినీ మాన్పించాడు. “రెండు వంటలెందుకు, ఒకటే చేస్తే నీకే సుఖం కదా,” అన్నాడు. నా సుఖం గురించి ఆయన ఆలోచించిన సందర్భాలు తక్కువ కాబట్టి ఆ మాట బాగా గుర్తుండిపోయింది. నేను పొద్దున వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తాను. అక్కడ ముసలివాళ్ళకు జావ కాచి, బంగాళదుంపలు ఉడికించి, గిన్నెలు తోమి, ఇంటికొచ్చి కాలీఫ్లవర్ ఉడకబెట్టి గుడ్డలో వేసి పిండి మెదిపేదాన్ని. బంగాళదుంప ముద్దలా కనిపించాలి కదా. మీగడ గిలకొట్టడం, ఎముకల రసం రాత్రంతా కాచడం, బాదం పొడితో కేకు పొంగేదాకా తంటాలు పడటం, ఆ తర్వాత కొవ్వు పట్టిన పెనాలన్నీ రుద్దటం. ఆయన మాత్రం ఫోన్‌లో అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు: “ఇందులో కష్టమేముందయ్యా? గుడ్డు పగలగొట్టి పెనంలో వెయ్యడమే.” అప్పటిదాకా ఆయన గుడ్డు పగలగొట్టగా నేను ఎన్నడూ చూడలేదు. పక్క ఊరి పత్రికలో ఆయన ఫొటో వేశారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా ఇంట్లో ఈగల్ని తోలేది నేను, పల్లకీ ఎక్కింది ఆయన.

అయినా ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. మా ఊళ్ళో అందరికీ కలిపి ఒక రొట్టెలిల్లు ఉంది. రాతి పొయ్యి, పొడుగాటి బల్లలు, బిర్చి కట్టెల పొగ. ఏడాదికి రెండుసార్లు ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు వస్తుంది. ఆ రోజు ఆ ఇంటి ఆడవాళ్ళు బార్లీ పిండితో పల్చటి రొట్టెలు ఒత్తి, పొడుగు కర్రతో పొయ్యిలోకి జార్చి, నెలల తరబడికి సరిపడా కాల్చుకుంటారు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. నా చేతికి వచ్చిన పనుల్లో పొగడ్త విన్నది ఆ ఒక్కదానికే. ఆ వసంతంలో మా వంతు ఎప్పుడని అడగడానికి ఫోన్ చేస్తే మైలీస్ వదిన, బెర్తిల్ అక్కగారు, తడబడింది.

“అదేమిటి గునెల్, మీరు వదులుకున్నారుగా? తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు, మా ఇంట్లో పిండి వాడటం మానేశాం, మా వంతు ఎవరికైనా ఇచ్చెయ్యండి అని.”

“ఎవరికిచ్చారు వదినా?”

“నాకే వచ్చింది. నీకు తెలుసనుకున్నానే తల్లీ.”

ముప్ఫై ఏళ్ళుగా నేను నిలబడిన బల్ల ముందు నా చోటుని ఆయన ఒక్క ఫోన్‌తో ఇచ్చేశాడు. అడిగితే, “నీ మంచికే కదా, అక్కడికెళ్తే నోరూరుతుంది,” అన్నాడు. అనవలసిందంతా గిన్నెల మీద చూపించాను, గిన్నెలకేం తెలుస్తుంది.

పోయిన ఆకురాలు కాలంలో పనిచేసే చోట ఆరోగ్య పరీక్షలు చేయించమంటే రక్తం ఇచ్చి వచ్చాను. డాక్టర్ హెల్మీ తనే ఫోన్ చేసి రమ్మంది. చెడ్డ కొలెస్ట్రాల్ మా దేశపు కొలతలో నాకెప్పుడూ మూడు లోపే ఉండేది. ఇప్పుడు ఆరు దాటింది. ఆ అంకె విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. అడవిలో చెట్టు కొడుతూ, చేతిలో రంపం ఉండగానే మంచులో ఒరిగిపోయాడు. యాభై రెండేళ్ళు. ఆ తర్వాత మూడేళ్ళకి మా చిన్నాన్న, అదే గుండె. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. నాకిప్పుడు యాభై ఏడు. నాన్న వయసు దాటిన పుట్టినరోజున నేను ఎవరికీ చెప్పకుండా నది ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను, బతికి ఉన్నందుకు. ఈ ఆరు అనే అంకె ఆ ఒడ్డునుంచి నన్ను వెనక్కి లాగుతున్నట్టు అనిపించి భయం వేసింది.

ఇంటికొచ్చి చెప్పాను. బెర్తిల్ చీజ్ కోస్తూ, తలెత్తకుండానే, “ఆశ్రమంలో దాల్చినచెక్క బన్నులు తింటున్నావా?” అన్నాడు.

“లేదు.”

“ఒకటీ అరా కూడా? నిజం చెప్పు, నేనేం అననులే. ఇద్దరం తినేది ఒకటే. నాకు రానిది నీకెలా వస్తుంది?”

ఆయన పక్కన మా అత్తగారు టీరా కూర్చుని ఉంది. ఎనభై ఆరేళ్ళు, పెరట్లో చిన్నింట్లో ఉంటుంది, తిండి మా దగ్గరే. కొడుకు చిక్కాడు, కోడలు చిక్కలేదు, అదే ఆవిడ పట్టుకున్న సాక్ష్యం. “పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఎవరూ చూడట్లేదనుకుని,” అంది కిటికీ వైపు చూస్తూ. ఇన్నేళ్ళ కాపురంలో నేను దొంగిలించినది ఏమైనా ఉంటే అది నిద్రే, అది కూడా మధ్యాహ్నం బస్సులో. ఒక బన్ను తిన్నానా లేదా అని నా వంటగదిలో నేను నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందంటే, అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది.

బన్ను దొరక్కపోయేసరికి బెర్తిల్ ఇంకోటి వెతికాడు. మా వైపు కాఫీ పొడిని నీళ్ళలో వేసి పొయ్యి మీద మరిగించి, పొడి అడుగున దిగాక తాగుతాం. వడకట్టం. అలా తాగితే కొలెస్ట్రాల్ పెరుగుతుందని ఎక్కడో చదివాడు. “చూశావా, నీ కాఫీ. దొంగ దొరికాడు,” అన్నాడు. మాట తీసెయ్యదగ్గది కాదు, డాక్టర్ హెల్మీ కూడా అవునంది. కానీ ఆ కాఫీ నేను చిన్నప్పటినుంచీ తాగుతున్నాను, అప్పుడు లేని ఆరు ఇప్పుడెలా వచ్చింది? సరే, ఎవరి మాటా కాదనకుండా ఉండడం నాకు ఒంటబట్టిన గుణం. నా ఒక్కదాని కోసం వడకట్టే కాగితం కొన్నాను. ఆయన మాత్రం మరిగించిన కాఫీయే తాగేవాడు, అదీ నేను మరిగించిందే. పొద్దున ఒకే పొయ్యి మీద రెండు కాఫీలు. రెండు వంటలు వద్దన్న మనిషికి రెండు కాఫీలు కనిపించలేదు.

చలికాలం చివర మళ్ళీ రక్తం ఇచ్చాను. కాస్త తగ్గింది, అంతే. ఇంకా అయిదున్నర పైనే ఉంది.

“కాఫీ వాటా కాఫీది, అది తీరింది,” అంది డాక్టర్ హెల్మీ. ఆవిడకు తొందరపడి మాట్లాడే అలవాటు లేదు. “మిగతాది మీ వెన్న, మీగడ, కొవ్వు మాంసం. మీ ఆయనకు ఈ తిండి మేలు చేసింది, అది నిజమే, నేనే చూశాను. చక్కెర తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. చాలామందికి చెడ్డది పెద్దగా మారదు. కొందరికి మాత్రం మీలాగ ఎగబాకుతుంది. ఎవరికి ఎలా అవుతుందో ముందుగా చెప్పలేం, రక్తం చూసుకుంటే తప్ప. మీ నాన్నగారి సంగతి తెలిసి నేను దీన్ని వదిలెయ్యలేను.”

“నేను తప్పేమైనా చేశానా డాక్టర్?”

“మీరా? చెప్పినట్టు తిన్నారు, అంతేగా. ముందు తిండి మార్చండి. వెన్న తగ్గించి నూనె, చేపలు, పప్పుగింజలు, బార్లీ. మూడు నెలలకి చూద్దాం. అప్పటికీ దిగకపోతే మాత్ర.”

బయటికొచ్చి బస్సు కోసం నిలబడితే మంచు కురుస్తోంది. తప్పు నాది కాదు అన్న మాట లోపల మెల్లగా దిగింది. ఎన్ని నెలలుగా నా ఒంటిని నేనే అనుమానిస్తున్నానో అప్పుడు తెలిసింది. బన్ను తినలేదని నాకు తెలుసు, అయినా ఆయన అంత గట్టిగా అంటుంటే, నిద్రలో లేచి తిన్నానేమో అన్నంత దూరం పోయింది నా ఆలోచన. ఆయన ఒళ్ళు కొలబద్ద అయిపోయింది, నా ఒళ్ళు దానికి సరిపోకపోతే నాది దొంగ ఒళ్ళు. పెళ్ళయినప్పటినుంచీ ఇంతే. ఆయనకు చలేస్తే కిటికీలు మూసేవాళ్ళం, ఆయనకు ఉక్కపోస్తే తెరిచేవాళ్ళం. నాకు ఎలా ఉందో నేను కూడా కిటికీని చూసి తెలుసుకునేదాన్ని.

ఇంటికెళ్ళి మొత్తం చెప్పాను. నాన్న గురించి కూడా. బెర్తిల్ విన్నాడు. విని, “మీ నాన్న సిగరెట్లు తాగేవాడుగా,” అన్నాడు. ఆ వెంటనే, “ఆదివారం ఊరి మీటింగ్‌లో నేను ఈ తిండి గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క ఎత్తకు గునెల్. జనం ఊరికే గాభరాపడతారు. ఇన్నాళ్ళ నా కష్టం మట్టిపాలవుతుంది,” అన్నాడు. నేను నా గుండె సంగతి చెబుతుంటే, ఆయన తన ఉపన్యాసం సంగతి చెబుతున్నాడు.

ఆదివారం ఊరి సమావేశ మందిరంలో కుర్చీలు చాలలేదు. వెనక బల్ల మీద కాఫీ, మీగడ, నేను కాల్చిన బాదం కేకులు. ఆ బల్ల వెనక నేను, ముందు వరసలో మా అత్తగారు, మధ్యలో మైలీస్ వదిన, తక్కిన ఊరంతా. మాట్లాడటం బెర్తిల్‌కి వెన్నతో పెట్టిన విద్య. తన పాత ప్యాంటు తెచ్చి నడుం ముందు పట్టుకుని చూపించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు రిటైరైన అటవీ ఉద్యోగి ఒకాయన లేచాడు.

“ఇంత వెన్న తింటే కొలెస్ట్రాల్ మాటేమిటి బెర్తిల్?”

“అదంతా పాత భయమండీ. మన ఒళ్ళేమన్నా సింకు గొట్టమా, కొవ్వు పోస్తే పూడుకుపోవడానికి?” జనం ఘొల్లున నవ్వారు. “నా లెక్కలు మునుపటికన్నా బాగున్నాయి. మా ఇంట్లో ఇద్దరం ఇదే తింటాం. ఇద్దరం రాళ్ళలా ఉన్నాం.”

సింకు గొట్టం అన్న మాటకు నేనూ నవ్వేదాన్నేమో. కానీ నా వేళ్ళ సందుల్లో ఆ పొద్దున విప్పిన గొట్టం వాసన ఇంకా ఉంది. ఇద్దరం అన్నాడు. నా నోరు, నా రక్తం, నా నాన్న చావు, అన్నీ కలిపి ఆ ఒక్క మాటలో చుట్టి తన జేబులో వేసుకున్నాడు. కాఫీ కూజా కింద పెట్టాను.

“ఇద్దరం కాదు,” అన్నాను.

గొంతు పెద్దగా రాలేదు, అయినా ముందు వరస దాకా వినబడింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఇంతమంది నన్ను ఒకేసారి చూడటం మా పెళ్ళినాటి తర్వాత ఇదే.

“బెర్తిల్ చెప్పింది ఆయన మట్టుకు నిజమే. ఆయనకు మంచి జరిగింది. నేనూ అదే వెన్న తిన్నాను, అదే పెనంలోది. నాకు చెడ్డ కొలెస్ట్రాల్ రెట్టింపయింది. కాఫీ మార్చి చూశాను, చాల్లేదు. డాక్టరమ్మ ఏమందంటే, కొందరికి ఇలా అవుతుందట. ఎవరికో ముందు తెలియదట. మా నాన్న యాభై రెండేళ్ళకి పోయాడు, మీలో కొందరు ఆయన శవపేటిక మోశారు. అందుకని చెబుతున్నా. మొదలుపెట్టేవాళ్ళు పెట్టండి, కానీ మీ రక్తం మీరు చూపించుకోండి. పక్కవాళ్ళ రక్తం చూసి మీది బాగుందనుకోకండి.”

బెర్తిల్ చేతిలో పాత ప్యాంటు వేలాడుతోంది. “గునెల్, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం,” అన్నాడు మెల్లగా.

“ఇంట్లో మాట్లాడాను. వినలేదు,” అన్నాను. “ఇంకోటి కూడా. గుడ్డు పగలగొట్టి పెనంలో వెయ్యడమే అని చెబుతున్నాడుగా, అందులో కష్టమెంతో కావాలంటే నన్నడగండి. ఈయన ఇంతవరకూ ఒక్క గుడ్డు పగలగొట్టలేదు.”

ఈసారి నవ్వింది ఆడవాళ్ళు. ఆ నవ్వు తగ్గకముందే మా అత్తగారు చేతికర్ర నేల మీద తాటించింది. నా పని అయిపోయిందనుకున్నాను.

“నాకు రొట్టె కావాలి,” అంది ఆవిడ.

“అమ్మా, ఇప్పుడు అది కాదు…”

“ఎప్పుడురా మరి? ఎనభై ఆరేళ్ళొచ్చాయి నాకు. చిక్కి ఎవడికి చూపించాలి? పొద్దునే లేస్తే గుడ్డు, రాత్రయితే గుడ్డు. ఈ పిల్ల కాల్చే బార్లీ రొట్టె నేను తిని ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?”

ఈ పిల్ల అంటే నేను. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది కూడా నా మీద ప్రేమతో కాదు, రొట్టె మీద. అయినా పుచ్చుకున్నాను. పోయే ముందు మైలీస్ వదిన బల్ల దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “గురువారం రొట్టెలింట్లో నా వంతు. నీ చోటు నీకు తిరిగిచ్చేస్తున్నా, వచ్చెయ్,” అంది.

ఆ రాత్రి బెర్తిల్ మూతి ముడుచుకుని అన్నాడు: “అంటే ఇకనుంచి రెండు వంటలు చేస్తావా?”

“లేదు. ఒకటే. నాది, అత్తయ్యది.”

“మరి నాకు?”

“నువ్వే చెప్పావుగా, కష్టమేముంది అని. గుడ్లు ఎక్కడుంటాయో చూపిస్తాను.”

కోపంతో చెప్పానా అంటే, కాదు. ఆయన తిండి ఆయన్ని బతికించింది, దాన్ని మాన్పించడం నా ఉద్దేశం కాదు. కాకపోతే దాన్ని వండటం నా ఒంటికి పుట్టుకతో వచ్చిన బాధ్యత కూడా కాదు. ఈ రెండు మాటలు విడివిడిగా చూడటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

గురువారం తెల్లారకముందే రొట్టెలింటికి వెళ్ళాను. వదిన అప్పటికే పొయ్యి రాజేసింది. బార్లీ పిండి కలుపుతుంటే చేతులు వాటంతటవే పని గుర్తు తెచ్చుకున్నాయి. గళ్ళు చెక్కిన అప్పడాల కర్రతో ఒత్తి, పైన పిండిని బ్రష్‌తో దులిపి, పొడుగు కర్ర మీద ఎత్తి పొయ్యిలోకి జార్చాను. రొట్టె బుడగలు పొంగి, అంచులు మాడి, ఆ వాసన వచ్చింది. పిండి కొద్దీ రొట్టె అంటారు, నాకు ఆ రోజు పిండి ఎంత వేసుకోవాలో చెప్పేవాళ్ళెవరూ లేరు. మొదటి రొట్టె చల్లారనివ్వకుండానే విరిచి, ఉట్టిదే నోట్లో పెట్టుకున్నాను. ఏడ్చాను కూడా, పొగ వల్ల అని వదినతో చెప్పాను. ఆవిడ నమ్మినట్టే తలూపింది.

మంచు కరిగి, నది మీది గడ్డలు పగిలి కొట్టుకుపోయాక, మళ్ళీ రక్తం ఇచ్చాను. డాక్టర్ హెల్మీ ఈసారి ఫోన్‌లోనే చెప్పింది. మూడుకి దగ్గరగా దిగింది. మాత్ర ఇప్పుడే అక్కర్లేదు, ఇలాగే తినండి, ఆకురాలు కాలంలో మళ్ళీ చూద్దాం అంది. ఫోన్ పెట్టేసి వంటగదిలో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను. నాన్నా, నేనింకా ఒడ్డునే ఉన్నాను అని పైకే అన్నాను.

ఇప్పుడు మా పొయ్యి మీద రెండు పెనాలుంటాయి. బెర్తిల్ గుడ్లు మొదట్లో మాడ్చాడు, తర్వాత పెంకులతో సహా వండాడు, ఇప్పుడు బాగానే వేస్తాడు. కాలీఫ్లవర్‌ని గుడ్డలో పిండుతూ ఒకసారి, “దీనికి ఇంత టైము పడుతుందా?” అన్నాడు. పడుతుంది అన్నాను. మొన్న ఎవరో ఫోన్‌లో అడిగితే, “పని ఉంటుందండీ. అన్నట్టు మొదలుపెట్టే ముందు రక్తం చూపించుకోండి, మా ఆవిడకు పడలేదు,” అని చెప్పడం విన్నాను. ఆ మాట కోసం నేనేమీ ఎదురుచూడలేదు, కానీ వినడానికి బాగానే ఉంది.

ఇవాళ పొద్దున సింకు మళ్ళీ నిండింది. బెర్తిల్ అలవాటుగా నా వైపు చూశాడు. నేను అత్తయ్యకు రొట్టె విరిచి పెడుతూ, బకెట్‌ని కాలితో ఆయన వైపు నెట్టాను. చాలాసేపు బకెట్‌ని చూసి, తర్వాత మూలుగుతూ నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు. ఆయన మోకాళ్ళు అడ్డమయ్యాయి. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, రొట్టె మీద చేప ముక్క పెట్టుకుని తినసాగాను. మర తిరిగింది. తెల్ల ముద్ద ధబ్బుమని బకెట్లో పడింది.

“ఛీ, ఏం కంపు. ఇంత వెన్న ఇద్దరమే తిన్నామా గునెల్?” అన్నాడు సింకు కిందనుంచి.

“ఇద్దరం కాదు బెర్తిల్,” అన్నాను. “ఇప్పుడు అదంతా నీ ఒక్కడిదే.”